పాత పీఎఫ్ పింఛను: సొమ్ము మనదే, పేరు దగ్గరే చిక్కు

2025 అక్టోబరు 13న ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ ధర్మకర్తల బోర్డు కొన్ని నిర్ణయాలు తీసుకుంది. ఉద్యోగం పోయినవారు పీఎఫ్ ఖాతాను పూర్తిగా మూసి సొమ్ము తీసుకోవాలంటే ఇదివరకు రెండు నెలలు ఆగితే సరిపోయేది. ఇకమీదట పన్నెండు నెలలు ఆగాలన్నారు. పింఛను వాటాను తీసుకోవడానికి రెండు నెలల గడువును ముప్పై ఆరు నెలలు చేశారు. ఆ వారమంతా మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట. "మన డబ్బు మనకివ్వరట" అని యౌవనులు కోపగించుకున్నారు. ఖాతాలో ముప్పాతిక వంతు వెంటనే తీసుకోవచ్చని ప్రభుత్వం వివరణ ఇచ్చాక కోపం కొంత చల్లబడింది.

ఈ చర్చలో ఒక గొంతు వినబడలేదు. అది మన మందిరాల్లో ముందు వరుసల్లో కూర్చునే అరవై ఏళ్లు దాటినవారి గొంతు. ఎప్పుడో మిల్లులోనో, నర్సింగ్ హోములోనో, ప్రైవేటు బడిలోనో పదేళ్లు పదిహేనేళ్లు పనిచేసి, మానేసి, ఆ పాత పీఎఫ్ చీటీని ట్రంకుపెట్టె అడుగున మరచిపోయినవారు మన ప్రతి సంఘంలోనూ ఉన్నారు. కాబట్టి ఈ సంగతిని వాళ్ల వైపు నుంచి చూద్దామనుకుంటున్నాము.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. జీతంలోంచి కోసినదంతా ఒకే డబ్బాలో పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి డబ్బాలు రెండు. ఉద్యోగి కట్టే 12 శాతమంతా భవిష్య నిధిలో పడుతుంది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పింఛను నిధికి వెళ్తుంది, మిగిలినదే భవిష్య నిధికి. మొదటి డబ్బాలో ఏటేటా వడ్డీ చేరుతుంది. 2024-25కు అది 8.25 శాతం. రెండో డబ్బాలో మన పేరిట రూపాయలు పెరగవు, సంవత్సరాలు పెరుగుతాయి. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకం ప్రకారం పదేళ్ల సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్లు నిండాక జీవితాంతం పింఛను వస్తుంది. పింఛనుకు లెక్కలోకి తీసుకునే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగిస్తే వచ్చేదే నెల పింఛను. లెక్కలోకి వచ్చే జీతానికి పరిమితి ఉంది. 2001 నుంచి అది 6,500 రూపాయలు, 2014 సెప్టెంబరు నుంచి 15,000.

మన సహోదరీలలో చాలామంది నష్టపోయింది ఈ రెండో డబ్బా సంగతి తెలియకనే. ఒక ఆసుపత్రిలో ఆరేళ్లు పనిచేసిన నర్సు పెళ్లయి వేరే ఊరు వెళ్లి, అక్కడ ఇంకో ఆసుపత్రిలో ఐదేళ్లు చేసిందనుకుందాం. రెండు సర్వీసులూ కలిపితే పదకొండేళ్లు. 6,500 జీతం మీద నెలకు 1,021 రూపాయలు, ఆమె బ్రతికినంత కాలం. ఆమె తరువాత భర్తకు అందులో సగమో, కనీస పింఛనో, ఏది ఎక్కువైతే అది. కానీ ఉద్యోగం మానిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫారం 10-సి చేతిలో పెట్టి "ఇక్కడ సంతకం పెట్టమ్మా, మొత్తం వచ్చేస్తుంది" అన్నారు. రెండు విడతల్లో దాదాపు డెబ్బై అయిదు వేలు చేతికొచ్చాయి, పదకొండేళ్ల సర్వీసు తుడిచిపెట్టుకుపోయింది. అదే ఫారంలో సొమ్ము బదులు స్కీము సర్టిఫికెట్ కావాలని కోరుకునే వీలుంది. ఆ కాగితం ఉంటే ఆరేళ్లు ఆరేళ్లుగానే నిలిచి ఉంటాయి, తరువాతి ఉద్యోగంతో కలుస్తాయి. ఆ గడి ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ డెబ్బై అయిదు వేలను అప్పుడే బ్యాంకులో వేసుకుంటే ఇంతకంటె ఎక్కువే వచ్చేది కదా అని లెక్కలు తెలిసినవారు అడుగుతారు. కాగితం మీద అది నిజమే. కానీ బ్యాంకులో వేసినవారిని మేము చూసింది తక్కువ. ఆడబిడ్డ పెళ్లికో, ఇంటి కప్పుకో, ఆసుపత్రి బిల్లుకో పోయింది. ఆ ఖర్చులు తప్పని మేము అనము. ముసలితనానికి మాత్రం ఏమీ మిగలలేదు.

అందుచేత పింఛను వాటాకు పెట్టిన ముప్పై ఆరు నెలల గడువు మాకు అన్యాయంగా తోచలేదు. కష్టకాలంలో చెయ్యి పెట్టడానికి మొదటి డబ్బా ఉంది, రెండోదాన్ని కొంతకాలం తాకకుండా ఉంచడం మంచిదే. కానీ సొమ్మును పట్టి ఉంచే ప్రభుత్వం, చివరికి ఇచ్చేటప్పుడు ఎంత ఇస్తున్నదన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ పథకంలో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. 2014 సెప్టెంబరులో నిర్ణయించారు, ఆ తరువాత పెంచలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ నిధికీ రూపాయి కట్టనక్కరలేని వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి 4,000. తెలంగాణలో 2,016. బీదవారికి ఇచ్చే ఆ సొమ్మును చూసి అసూయపడమని కాదు, అదీ చాలదు. కానీ పదిహేనేళ్లు రెక్కలు ముక్కలు చేసుకొని, నెలనెలా వాటా జమచేయించుకున్న మనిషికి వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి దానిని సామాజిక భద్రత అనడం ఎంతవరకు న్యాయం? 7,500 కావాలని పింఛనుదారులు ఏళ్ల తరబడి ఢిల్లీ దాకా వెళ్లి ధర్నాలు చేస్తున్నారు. నిధికి అంత శక్తి లేదని అధికారుల జవాబు. జీతంలో 1.16 శాతం మాత్రమే ఇచ్చే కేంద్రం తన వాటా పెంచితే నిధికి శక్తి వస్తుందన్న మాట ఆ జవాబులో ఎక్కడా కనబడదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన అధిక పింఛను తీర్పు గురించి కూడా మమ్మల్ని అడుగుతుంటారు. అది పూర్తి జీతం మీద వాటా కట్టినవారి సంగతి. మన బీడీ కార్మికురాలికి దానితో పనిలేదు.

ఇంతకూ ఆ వెయ్యి కూడా తీసుకోనివారి మాటేమిటి?

మూతపడిన కంపెనీతోపాటు పీఎఫ్ కూడా మునిగిపోయిందని నమ్మేవారు చాలామంది ఉన్నారు. వరంగల్ అజంజాహీ మిల్లు, విశాఖ దగ్గర చిట్టివలస జూట్ మిల్లు వంటివి మూతపడినప్పుడు కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. కొందరు పిల్లల దగ్గరికి, కొందరు కూలి వెతుక్కుంటూ. కానీ జమ అయిన సొమ్ము కంపెనీ గల్లాపెట్టెలో ఉండదు, భవిష్య నిధి సంస్థ దగ్గర ఉంటుంది. కంపెనీ గేటుకు తాళం పడినా దానికి తాళం పడదు. యజమాని సంతకం దొరకని చోట బ్యాంకు మేనేజరు, గెజిటెడ్ అధికారి, పోస్టుమాస్టరు, గ్రామ సర్పంచి, ఎమ్మెల్యే వంటివారి ధ్రువీకరణతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదేళ్ల సర్వీసుండి 58 దాటినవారు ఫారం 10-డి పెట్టాలి. 58 నిండిన మరునాటి నుంచే పింఛను హక్కు మొదలవుతుంది గనుక, ఆలస్యంగా అడిగినవారు ఆనాటి నుంచి రావలసిన బకాయిని కూడా అడగాలి. యాభై దాటినవారు ముందుగానే తీసుకోవచ్చు గాని, ముందైన ప్రతి ఏటికీ 4 శాతం చొప్పున తగ్గుతుంది, ఆ తగ్గింపు జీవితాంతం ఉంటుంది. అరవై దాకా ఆగగలిగితే అదే చొప్పున పెరుగుతుంది. పదేళ్లకు ఆరు నెలల లోపే తక్కువ పడినవారు నిరాశ పడనక్కరలేదు, ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు. వృద్ధాప్య పింఛను అందుకుంటున్నవారు మాత్రం దాని అర్హతకు దీనివల్ల ఏమైనా తేడా వస్తుందేమో తమ సచివాలయంలోనో, ఎంపీడీఓ కార్యాలయంలోనో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇంత చదివాక దారి సుగమమే కదా అనిపిస్తుంది. కాదు. దారి ఆగేది పేరు దగ్గర.

"అయ్యగారూ, నా పేరు నాది కాదంటున్నారు" అని ఒక తల్లి మాతో అన్నారు. అది ఆమె ఒక్కరి బాధ కాదు, మన క్రైస్తవ సమాజంలో మరీ ఎక్కువ. బడిలో రాసిన పేరు ఒకటి, బాప్తిస్మంలో పెట్టిన పేరు ఇంకొకటి. మిల్లులో చేరిననాడు గుమాస్తా చెవికి వినబడినది మూడోది. ఆధార్‌లో మరియమ్మ, పీఎఫ్ పుస్తకంలో సి. మేరీ, రేషను కార్డులో లక్ష్మమ్మ. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా. పెళ్లికి ముందు పుట్టింటిది, తరువాత మెట్టినింటిది. తండ్రి పేరు రాయవలసిన చోట భర్త పేరు. పుట్టిన తేదీ చూస్తే సగం మందికి జూలై 1, బడిలో చేర్చిన మాష్టారు వేసిన తేదీ!

రెండు పేర్లు ఎందుకున్నాయో మనకు తెలుసు, మాట్లాడుకోము. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకు, తరువాత సిక్కులకు, బౌద్ధులకు దక్కింది, క్రైస్తవులకు దక్కలేదు. పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం దస్త్రాలలో ఒక పేరు, సంఘంలో ఒక పేరు మోసినవారి సంకటాన్ని దూరాన కూర్చొని తీర్పు తీర్చడం మా పని కాదు. మేము చెప్పేది ఒక్కటే. ముప్పై ఏళ్ల తరువాత ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు చేసుకోవలసిన రోజు వస్తుంది. ఆనాడు ఆమె కంప్యూటరు ముందు ఒంటరిగా నిలబడుతుంది.

2025 జనవరిలో వివరాల సవరణను సంస్థ కొంత సులువు చేసింది. 2017 అక్టోబరు 1 తరువాత ఆధార్‌తో యూఏఎన్ నంబరు పొందినవారు చాలా వివరాలను తామే సరిచేసుకోవచ్చు. అంతకుముందు నంబరు పొందినవారు యజమాని ద్వారా వెళ్లాలి. అసలు ఆ నంబరే లేనివారికి, అంటే మనం మాట్లాడుకుంటున్న పెద్దవారికి, కాగితం మీద ఉమ్మడి డిక్లరేషనే దారి. సులువు అవసరమైనవారికి అందినది తక్కువన్నమాట. పైగా 2024 జనవరి నుంచి పుట్టిన తేదీకి ఆధార్‌ను రుజువుగా తీసుకోవడం లేదు.

రెండవ రాజుల గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో షూనేమీయురాలి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కరువుకు ఏడేళ్లు పొరుగు దేశంలో తలదాచుకొని తిరిగొచ్చేసరికి ఆమె ఇల్లు, పొలం ఆమెవి కాకుండా పోయాయి. ఆమె రాజు దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. ఆ వేళకు గేహజీ అక్కడుండి, ఆ స్త్రీ ఈమేనని చెప్పాడు. రాజు ఒక అధికారిని నియమించి, పొలంతోపాటు ఆమె లేని కాలమంతటి పంటను కూడా ఇప్పించాడు. మేము ఎన్నోసార్లు ఈ భాగంపై ప్రసంగించాము, ఎక్కువగా ఎలీషా చేసిన అద్భుతాన్ని గురించే. గేహజీ అక్కడ చేసిన పని చిన్నది: ఈమే ఆమె అని సాక్ష్యం చెప్పడం. దానివల్లే పొలం తిరిగొచ్చింది.

ఆ సాక్ష్యం చెప్పడానికి సంఘం దగ్గర ఉన్నన్ని ఆధారాలు ఇంకెవరి దగ్గరా లేవు. పాత బాప్తిస్మ రిజిస్టర్లలో వెనుకటి పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు పక్కపక్కనే రాసి ఉంటాయి. పీఎఫ్ కార్యాలయం అడిగే పత్రాల స్థానంలో ఆ పుట ఒక్కటే చెల్లదు. కానీ నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించడానికి, గెజిట్‌లో పేరు మార్పు ప్రకటించుకోవడానికి బయలుదేరేవారికి చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయి? కొన్ని సంఘాల్లో చెదలు తినేశాయి, కొన్నిచోట్ల పాత సంఘకాపరి బదిలీపై వెళ్తూ తీసుకుపోయారు. కొత్తగా లేచిన స్వతంత్ర సంఘాలలో అనేకం అసలు రాయడమే లేదు.

వివాహాల సంగతి ఇంతకంటె గడ్డు. సభ్యుడు చనిపోతే విధవరాలికి అతని పింఛనులో సగం, వెయ్యికి తగ్గకుండా, రావాలి. ఇరవై అయిదేళ్ల లోపు పిల్లలు ఇద్దరికి అందులో పావు వంతు చొప్పున. అడగ్గానే కార్యాలయంవారు కోరేది ఆమె అతని భార్యేనన్న రుజువు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అర్హత గల సేవకుడు జరిపించి, రిజిస్టరులో రాసి, నకలు పంపిన వివాహానికి పత్రం దొరుకుతుంది. అర్హత లేకుండా పెళ్లిళ్లు జరిపించి, రంగురంగుల కార్డు మీద సంతకం చేసి ఇచ్చే సేవకులారా, మీ మీద కోపంతో కాదు, ఆ విధవరాలి మీది జాలితో అడుగుతున్నాము. ఆ కార్డు ఏ కౌంటరులో చెల్లుతుంది? నామినేషను కూడా అంతే. పెళ్లికి ముందు తల్లి పేరో అన్న పేరో రాసుంటే, పెళ్లితో అది చెల్లకుండా పోతుంది. కొత్తగా రాయించాలి. రాయించినవారు ఎందరు?

సంఘాలు చేయగలిగిన పని చాలా మామూలుది. నెలకొక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక బల్ల, రెండు కుర్చీలు, కంప్యూటరు తెలిసిన ఇద్దరు యౌవనులు. పెద్దవారు పాత చీటీ, నియామక పత్రం, జీతం కాగితం, పాసుపుస్తకం, ఏది ఉంటే అది తెస్తారు. వాటిపై ఏపీ అని మొదలయ్యే పాత పీఎఫ్ నంబరు దొరికితే సగం పని అయినట్లే. నంబరు లేకపోతే కంపెనీ పేరు, ఊరు, పనిచేసిన ఏళ్లు రాసుకొని పీఎఫ్ కార్యాలయానికి రాయవచ్చు. ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్‌కే నికట్' శిబిరం జరుగుతుంది. ఆ తేదీకి ఇద్దరు ముగ్గురిని కలిపి తీసుకువెళ్తే మంచిది. ఇప్పటికే పింఛను వస్తున్నవారు ఏడాదికోసారి జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. నవంబరులోనే ఇవ్వాలన్న నియమం వీరికి లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. బీడీలు చుట్టి, గిన్నెలు తోమి వేలిముద్రలు అరిగిపోయినవారికి ఫోనులో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు శాఖ నుంచైనా ఈ పింఛను తీసుకోవచ్చు, కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్తే ఆగిపోదు.

దరఖాస్తుకు ప్రభుత్వం రుసుము తీసుకోదు. వచ్చినదాంట్లో ఇంత శాతం అని బేరమాడే మధ్యవర్తులకు, ఫోనులో ఓటీపీ అడిగేవారికి చోటివ్వకండి. ఇంట్లోవారితోనూ జాగ్రత్త అవసరమే. పాత పీఎఫ్ రెండు లక్షలు వచ్చిందన్న కబురుకు కొడుకులు, అల్లుళ్లు ఒకేసారి ప్రేమ చూపించడం మేము చూశాము. ఇంకో మాట చెప్పక తప్పదు. ఆ డబ్బు వచ్చిన వారం ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్లి, మందిర నిర్మాణానికి ఎంత ఇస్తారని అడగడం సేవకులకు తగదు. ఆమె ఇవ్వాలనుకుంటే ఆమే ఇస్తుంది. మనం వెళ్లవలసింది ఆమెకు మందులకు, బియ్యానికి ఎంత కావాలో లెక్క వేసి పెట్టడానికి.

చివరిగా మన సంస్థల సంగతి. ఇరవైమంది పనిచేసే బడి గాని ఆసుపత్రి గాని పీఎఫ్ చట్టం కిందికి వస్తుంది. బోర్డు మీద సిలువ ఉన్నంత మాత్రాన మినహాయింపు లేదు. మన సంస్థల్లో నిజాయితీగా కట్టేవి ఉన్నాయి. జీతం తక్కువ చూపి తక్కువ కట్టేవి, ఆయాలను, వంటవారిని, వాచ్‌మన్లను ఇరవై ఏళ్లుగా 'తాత్కాలికం'గా ఉంచేవి కూడా ఉన్నాయి. జీతంలో కోసి నిధికి జమచేయనివీ ఉన్నాయని వింటున్నాము. అది ఆలస్యం కాదు, చట్టం దృష్టిలో నేరం. అలా నష్టపోయిన ఉద్యోగి ప్రాంతీయ పీఎఫ్ కమిషనరుకు ఫిర్యాదు చేస్తే విచారణ జరుగుతుంది, యజమాని వడ్డీతోను అపరాధ రుసుముతోను కట్టవలసి వస్తుంది. సంఘాన్ని కోర్టుకీడ్చారని ఆ ఉద్యోగిని నిందించేవారు, కోసిన కూలి గురించి యాకోబు పత్రిక ఐదవ అధ్యాయం ఎవరితో మాట్లాడుతున్నదో మరోసారి చదువుకోవాలి. యాజమాన్య కమిటీలలో కూర్చునే పెద్దలు ఈ మార్చి లెక్కలు ముగించేలోగా గత పన్నెండు నెలల పీఎఫ్ చలానాలను బల్ల మీద పెట్టించి, సిబ్బంది జాబితాతో పోల్చి చూడాలి. జాబితాలో ఉండి చలానాలో లేని పేర్లు ఎన్నున్నాయో మినిట్సులో రాయించాలి.